డాన్యూబ్ మీద వారం రోజులు: ఎప్పుడు డెక్ మీద ఉండాలి, ఎటువైపు చూడాలి – తరచుగా అడిగే ప్రశ్నలు

ఐరోపాలో నదీ క్రూయిజ్‌కి వెళ్తున్నామని చెప్పే బంధువులూ స్నేహితులూ అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఇక్కడున్నదంతా మనవాళ్లు ఎక్కువగా ఎంచుకునే దారి గురించి: జర్మనీలోని పస్సావ్ నుంచి ఆస్ట్రియా, స్లొవాకియాల మీదుగా హంగరీలోని బుడాపెస్ట్ దాకా. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఆ జవాబు దానికదే పూర్తిగా అర్థమవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ప్రయాణంలో గుర్తుండిపోయేవి చాలావరకు ఊరికీ ఊరికీ మధ్య, ఓడ కదులుతున్నప్పుడు దొరుకుతాయి. ఆ వేళల్లో మీరు భోజనాల బల్ల దగ్గరో, గదిలో నిద్రలోనో ఉంటే అవి మళ్లీ రావు.

## బుక్ చేసుకునే ముందు

ఇన్ని నదులుండగా డాన్యూబే ఎందుకు?

తక్కువ దూరంలో ఎక్కువ వైవిధ్యం కనిపిస్తుంది కాబట్టి. డాన్యూబ్ మొత్తం పొడవు సుమారు 2,850 కి.మీ. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్‌లో పుట్టి, పది దేశాలను తాకి, నల్ల సముద్రంలో కలుస్తుంది. పస్సావ్ నుంచి బుడాపెస్ట్ దాకా ఉన్నది అందులో 580 కి.మీ. మాత్రమే. ఆ కాస్తలోనే అడవి కొండల మధ్య ఇరుకు లోయ, ద్రాక్షతోటల మెట్లు, గుట్టల మీద మఠాలు, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్ అనే మూడు రాజధానులు వరసగా వస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను వేరే నది చెప్పను.

బ్రోషర్లలో ఊళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి?

ఊళ్ల జాబితా పక్కన పెట్టి, ఓడ ఏ గంటకు ఎక్కడ ఉంటుందో చెప్పే టైమ్‌టేబుల్ అడగండి. మూడు చోట్లు పగటి వెలుతురులో దాటుతున్నారా లేదా అన్నది చూసుకోవాలి: పస్సావ్ దిగువన ష్లోగెన్ మలుపు, మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా వాఖావ్ లోయ, ఎస్టర్‌గోమ్ దిగువన డాన్యూబ్ వంపు. వీటికి తోడు బుడాపెస్ట్‌లోకి చీకటి పడ్డాక ప్రవేశించే ఓడ అయితే ఇంకా మంచిది. చాలా కంపెనీలు వాఖావ్‌ని పగలే దాటిస్తాయి. ష్లోగెన్ మాత్రం తరచుగా రాత్రి వేళకు పడుతుంది. ధర రెండింటిలో ఒకటే అయితే, పగలు ఎక్కువసేపు నడిచే ఓడనే ఎంచుకోండి.

ఏటి వాలున వెళ్లడం మంచిదా, ఎదురెళ్లడం మంచిదా?

రెండింటికీ తేడా ఉంది. వాఖావ్ లోయలో మామూలు పగటి లాంచీలు వాలున రెండు గంటల లోపే దాటేస్తాయి. అదే దూరం ఎదురెక్కడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకి ఎదురెళ్లే ప్రయాణం ఎక్కువ సమయం ఇస్తుంది. వాలున వెళ్తే మాత్రం ఆఖరున బుడాపెస్ట్ వస్తుంది. రోజురోజుకీ దృశ్యం పెరుగుతూ పోయి అక్కడ ముగియడం నాకు ఇష్టం. మొదటిసారి అయితే వాలున వెళ్లండి.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

మీరు ఏం చూడాలనుకుంటున్నారో దాన్నిబట్టి ఉంటుంది. వాఖావ్‌లో ఆప్రికాట్ చెట్లు మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్యలోపు పూస్తాయి. పూత వారం, పది రోజులే నిలుస్తుంది కాబట్టి దానికోసమే తేదీ పెట్టుకోవడం కష్టం. జూన్‌లో వియన్నాలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, అంటే భోజనం అయ్యాక కూడా డెక్ మీద కూర్చోవచ్చు. జూలైలో ఆప్రికాట్లు పండుతాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ద్రాక్ష కోతలు, ఆకులు పసుపు ఎక్కడం. నవంబర్ చివరి నుంచి క్రిస్మస్ బజార్లు మొదలవుతాయి, కానీ డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. నది చూడటానికి వెళ్లేవాళ్లకి డిసెంబర్ సరైన నెల కాదు, బజార్ల కోసం వెళ్లేవాళ్లకి సరే. నా ఓటు మే చివర, జూన్.

బాల్కనీ ఉన్న గదికి అంత డబ్బు పెట్టాలా?

ఫ్రెంచ్ బాల్కనీ అని రాసినదాంట్లో నిజానికి బాల్కనీ ఉండదు. పెద్ద గాజు తలుపు, దానికి అడ్డంగా కటకటాలు ఉంటాయి, అంతే. తలుపు తీస్తే గాలి వస్తుంది, అడుగు బయట పెట్టడానికి చోటుండదు. అన్నిటికంటే కింది అంతస్తు గదుల్లో కిటికీ తెరుచుకోదు, కానీ నీటి మట్టానికి కాస్త పైనే ఉంటుంది కాబట్టి పడుకుని చూస్తే హంస పక్కనుంచి వెళ్తున్నట్టే కనిపిస్తుంది. గది నుంచి ఒక గట్టే కనిపిస్తుంది, రెండు గట్లూ కనిపించేది పైన డెక్ మీదే. మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవాళ్లకైతే తెరుచుకునే తలుపు ఉన్న గది నిజంగా ఉపయోగం. మిగతావాళ్లు కింది గది తీసుకుని ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. ఇంజిన్ శబ్దం వెనకవైపు గదుల్లో ఎక్కువ, అది మాత్రం తప్పించుకోండి.

ఎన్ని వీసాలు కావాలి?

ఈ నాలుగు దేశాలకూ ఒక్క షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా) చాలు. ఏ దేశంలో ఎక్కువ రోజులు గడుపుతారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి. ఓడ బుడాపెస్ట్ దాటి సెర్బియా దాకా వెళ్తే ఆ దేశం షెంగెన్‌లో లేదు కాబట్టి, తిరిగి లోపలికి రావడానికి మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో చూసుకోండి.

నదిలో నీళ్లు తగ్గితే, వరదొస్తే ప్రయాణం ఏమవుతుంది?

రెండూ జరుగుతాయి. 2018, 2022 వేసవుల్లో నీళ్లు బాగా తగ్గాయి. 2013 జూన్‌లో, 2024 సెప్టెంబర్‌లో పెద్ద వరదలొచ్చాయి. నీళ్లు తక్కువైతే ఓడ అడుగు తగులుతుంది, ఎక్కువైతే వంతెన కింద పట్టదు. అప్పుడు కొంత దూరం బస్సులో తీసుకెళ్లి అవతల ఉన్న మరో ఓడ ఎక్కిస్తారు, లేదా ఒకేచోట ఆపి బస్సుల్లో ఊళ్లు చూపిస్తారు. జర్మనీలో పస్సావ్ ఎగువన స్ట్రౌబింగ్, విల్స్‌హోఫెన్ మధ్య ఆనకట్టల్లేని భాగం ఉంది, తక్కువ నీళ్లప్పుడు ఓడలు ముందుగా ఇబ్బంది పడేది అక్కడే. పస్సావ్‌లోనే ఎక్కితే ఆ టెన్షన్ ఉండదు.

## సర్దుకునేటప్పుడు

మామూలు సామాన్లు కాకుండా ఏం పెట్టుకోవాలి?

గాలి చొరబడని పలచటి జాకెట్, రాళ్లు పరిచిన వీధుల్లో కాలు మడతపడని బూట్లు, చిన్న బైనాక్యులర్. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. కొండ మీద కోట గోడ పగుళ్లు, తోటలో పనిచేస్తున్న మనుషులు, నీటి అంచున కదలకుండా నిలబడ్డ కొంగ, ఇవన్నీ ఫోన్ కెమెరాకి అందవు. జూన్‌లో కూడా ఉదయం ఆరింటికి డెక్ మీద చలిగా ఉంటుంది, చెవులు కప్పుకోవడానికి ఏదైనా ఉంచుకోండి.

అమ్మానాన్నలను తీసుకెళ్తున్నాం. వాళ్లు తట్టుకోగలరా?

ఐరోపా చూపించడానికి పెద్దవాళ్లకి ఇంతకంటే సుఖమైన దారి లేదు. పెట్టె ఒక్కసారి విప్పితే చాలు, ఊళ్లే మన దగ్గరికి వస్తాయి. ఊళ్లో నడక మాత్రం ఉంటుంది. గైడ్ మాటలు చెవిలో వినిపించే చిన్న యంత్రం ఇస్తారు, దానితో గుంపు వెనక నెమ్మదిగా నడిచినా ఏమీ తప్పిపోరు. చాలా ఓడల్లో నెమ్మదిగా నడిచేవాళ్లకి వేరే గుంపు ఉంటుంది, మొదటి రోజే అడిగి పేర్లు రాయించండి. ఒక సాయంత్రం డెక్ మీద, "నువ్వెళ్లి ఊరు చూసి రా నాన్నా, నేనిక్కడే కూర్చుంటా, ఊరంతా నాకిక్కడికే కనబడుతోంది" అని ఒక పెద్దావిడ కొడుకుతో అనడం విన్నాను. ఆవిడ చెప్పింది నిజమే. ఒక పూట ఓడలోనే ఉండిపోవాలని అమ్మకో నాన్నకో అనిపిస్తే బలవంతపెట్టకండి.

మేం పూర్తి శాకాహారులం. తిండికి ఇబ్బంది పడతామా?

ముందే చెబితే పడరు. బుక్ చేసేటప్పుడు రాయించి, ఎక్కిన రోజు భోజనశాల పెద్దకి ఇంకోసారి చెప్పండి. చేపా గుడ్డూ సంగతి విడిగా చెప్పాలి. ఆస్ట్రియాలో తేటగా కనిపించే సూపు చాలావరకు గొడ్డు మాంసం ఉడికించిన నీళ్లతోనే చేస్తారు, వియన్నా తరహా బంగాళదుంప సలాడ్‌లో కూడా అవే కలుపుతారు. గులాష్ ఎలాగూ మాంసమే. మారిల్లెన్‌క్న్యోడెల్ మాత్రం తప్పక తినండి: ఆప్రికాట్‌ని పిండిలో చుట్టి ఉడికించి, వెన్నలో వేయించిన రొట్టె పొడిలో దొర్లిస్తారు. కోస్తే లోపల పండు వేడివేడిగా పుల్లగా జారుతుంది. కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్లవచ్చు. నెయ్యి సీసా, పాలకోవా లాంటివి వద్దు, పాల పదార్థాలూ మాంసమూ ప్రయాణికుల వెంట బయటినుంచి తేవడాన్ని ఐరోపా సమాఖ్య అనుమతించదు.

## ఓడ ఎక్కాక

కళ్లు తిరుగుతాయా?

తిరగవు. నది మీద అలలుండవు. కాఫీ కప్పులో కాఫీ కూడా కదలదు. రాత్రి ఎప్పుడు బయల్దేరారో కూడా చాలామందికి తెలియదు.

పస్సావ్‌లో మూడు రంగుల నీళ్లు నిజంగా కనిపిస్తాయా?

కనిపిస్తాయి. డాన్యూబ్‌లో ఇక్కడ ఎడమ నుంచి ఇల్ట్స్, కుడి నుంచి ఇన్ అనే నదులు కలుస్తాయి. ఇల్ట్స్ నల్లగా ఉంటుంది, అది బురద నేలల అడవుల్లోంచి వస్తుంది. ఇన్ ఆల్ప్స్ మంచు కరిగిన నీరు, రాతి పిండి కలిసి పాలు కలిపిన పచ్చ రంగులో ఉంటుంది. ఈ చోట డాన్యూబ్ కంటే ఇన్‌లోనే సగటున నీళ్లెక్కువ. బాగా చూడాలంటే ఒబర్‌హౌస్ కోట ఎక్కాలి. ఎక్కలేకపోతే ఓడ కదిలేటప్పుడు వెనక చివరన నిలబడండి, నీళ్లు వెంటనే కలవవు, రంగుల మధ్య గీత కాసేపు మన పక్కనే వస్తుంది. ఊళ్లో ఇంకో రెండు చూడండి. పాత టౌన్‌హాల్ గోడ మీద వరద గుర్తులు: 1501, 2013 గీతలు మనిషి తలకంటే ఎంత పైనున్నాయో చూస్తే నది అంటే ఏమిటో తెలుస్తుంది. సెయింట్ స్టీఫెన్ కెథడ్రల్‌లో 17,974 గొట్టాల ఆర్గన్ ఉంది, మే నుంచి అక్టోబర్ దాకా ఆదివారాలు, సెలవులు తప్ప మధ్యాహ్నం పన్నెండింటికి కచేరీ ఉంటుంది.

లాకు దాటడం అంటే ఏమిటి? రాత్రి లేచి చూడాల్సినంత ఉందా?

గోదావరి, కృష్ణా డెల్టా కాలువల మీద మన ఊళ్లలో ఉండే లాకులే, కొలతలు మాత్రం చాలా పెద్దవి. ఆనకట్ట దగ్గర ఎగువ నీటికీ దిగువ నీటికీ ఎత్తు తేడా ఉంటుంది. ఓడ కాంక్రీటు తొట్టిలోకి వెళ్తుంది, వెనక తలుపు మూస్తారు, నీళ్లు వదులుతారు, ఓడ దిగుతుంది, ముందు తలుపు తెరుచుకుంటుంది. మొత్తం అరగంట పని. ఆస్ట్రియా లాకులు సాధారణంగా 230 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు, రెండు ఓడలు పక్కపక్కన పడతాయి. స్లొవాకియాలోని గబ్చీకొవోలో దిగుడు దాదాపు 20 మీటర్లు.

రాత్రి ఒక్కసారైనా లేవండి. డెక్ మీద నిలబడితే తడి గోడ మెల్లగా పైకి లేస్తున్నట్టుంటుంది, నాచు వాసన వస్తుంది, గోడ పగుళ్లలోంచి నీళ్లు సన్నగా కారుతుంటాయి. గోడలోని ఇనుప దిమ్మె నీటితోపాటు కిందికి దిగుతుంది, దానికి కట్టిన తాడు మీదే నావికుడి చూపంతా ఉంటుంది. ఒక్క మాట వినపడదు. తలుపు తెరుచుకోగానే చల్లగాలి ఒక్కసారిగా ముఖానికి కొడుతుంది. జర్మనీలో మైన్-డాన్యూబ్ కాలువ కూడా ఉన్న ప్రయాణమైతే అక్కడి లాకులు 12 మీటర్ల వెడల్పే. ఓడ 11.4 మీటర్లుంటుంది, అంటే ఇటు జానెడు, అటు జానెడు ఖాళీ. 1992లో పూర్తయిన ఆ కాలువ 171 కి.మీ. పొడవు, 16 లాకులు, సముద్ర మట్టానికి 406 మీటర్ల ఎత్తుకి ఓడల్ని ఎక్కించి దించుతుంది.

గట్టు మీద బోర్డుల్లో అంకెలు తగ్గుతూ వస్తున్నాయేంటి?

డాన్యూబ్ కిలోమీటర్లను పుట్టినచోటు నుంచి కాకుండా నల్ల సముద్రం దగ్గర సులినా నుంచి ఎగువకు లెక్కపెడతారు. పస్సావ్ దగ్గర 2226, వియన్నా దగ్గర 1929, బుడాపెస్ట్ దగ్గర 1647. సముద్రం ఇంకెంత దూరముందో ఆ బోర్డు చెబుతుందన్నమాట. పిల్లలుంటే ఈ అంకెలు చదివించండి, తర్వాతి ఊరు ఎప్పుడొస్తుందో వాళ్లే లెక్క కడతారు.

ఎదురొచ్చే ఓడలు నీలం పలక ఎందుకు చూపిస్తాయి?

మామూలుగా ఓడలు ఎడమ ప్రక్కలు ఎదురెదురుగా దాటుకుంటాయి. నీలం పలక, మధ్యలో తెల్ల దీపం మిణుకుమిణుకుమంటే, ఈసారి కుడి ప్రక్కల మీదుగా దాటుదాం అని అర్థం. ఏ వైపు దాటాలో ఎగువకు వెళ్లే ఓడ నిర్ణయిస్తుంది, దిగువకు వచ్చేది అదే పలక చూపించి ఒప్పుకుంటుంది. సరుకు పడవలను కూడా చూడండి. వెనక భాగంలో కుటుంబం ఉంటుంది: కిటికీలకు పరదాలు, పూలకుండీలు, పైన ఒక కారు.

పొద్దున తెర తీస్తే ఎదురుగా ఇంకో ఓడలో వాళ్లు కనిపించారు. ఇది మామూలేనా?

మామూలే. రేవుల్లో చోటు తక్కువ కాబట్టి ఓడలను పక్కపక్కన కట్టేస్తారు. గట్టుకి దిగాలంటే పక్క ఓడ లాబీలోంచి నడిచి వెళ్లాలి. నగరాల్లో ఆగినప్పుడు రాత్రి తెర వేసుకుని పడుకోండి.

## నది మధ్యలో

ష్లోగెన్ మలుపు ఎక్కడ? ఎప్పుడు లేవాలి?

పస్సావ్ నుంచి దాదాపు 40 కి.మీ. దిగువన, కిలోమీటర్ 2187 దగ్గర. గట్టి గ్రానైట్ కొండ అడ్డొచ్చి నది పూర్తిగా వెనక్కి తిరుగుతుంది, కాసేపటికి మళ్లీ ముందుకు తిరుగుతుంది. ఓడ మీద నుంచి ఆ మలుపు ఆకారం కనపడదు. ముందు దారి మూసుకుపోయినట్టు, కొండకి గుద్దుకుంటామేమో అన్నట్టు వెళ్లి, ఆఖరి నిమిషంలో పక్కకు తెరుచుకుంటుంది. అందుకే ముందు భాగంలో నిలబడాలి. మీ ఓడ పస్సావ్‌లో మధ్యాహ్నం బయల్దేరితే వెలుతురులోనే చూస్తారు.

వాఖావ్ లోయలో ఏ వైపు కూర్చోవాలి?

మెల్క్ నుంచి క్రెమ్స్ వైపు, అంటే వాలున వెళ్తుంటే, మొదట కుడివైపు, తర్వాత ఎడమవైపు. ఎదురెళ్లేవాళ్లు దీన్ని తిరగేసుకోవాలి. మెల్క్ దాటగానే కుడిగట్టున రాతి మీద ఉల్లిపాయ గోపురంతో ష్యోన్‌బ్యూల్ కోట వస్తుంది. కాసేపటికి అదే వైపు చాలా ఎత్తున ఆగ్‌స్టైన్ కోట శిథిలాలు. అది దాటాక ఎడమవైపుకి మారిపోండి. ముందు విల్లెన్‌డోర్ఫ్ అనే చిన్న ఊరు. 1908లో రైలు మార్గం పనుల సమయంలో ఇక్కడే దాదాపు 30,000 ఏళ్ల నాటి, 11 సెంటీమీటర్ల స్త్రీ ప్రతిమ దొరికింది, ఇప్పుడు వియన్నా ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. తర్వాత స్పిట్జ్, వైస్సెన్‌కిర్షెన్, చివర్లో డ్యూర్న్‌స్టైన్.

తోటల మెట్లను బైనాక్యులర్‌తో చూడండి. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలవి. కొండ వాలంతా ఆ గోడలే. వాటి మధ్య ఒక్కో వరుస ద్రాక్ష. యంత్రాలు ఎక్కవు, చేత్తోనే కోయాలి. ఆ రాళ్లు పగలంతా ఎండని పట్టుకుని రాత్రి తీగలకు వెచ్చదనం ఇస్తాయి. 2000లో యునెస్కో ఈ లోయని వారసత్వ జాబితాలో చేర్చడానికి కోటలు, మఠాలతోపాటు మనుషులు తరతరాలుగా మలచిన ఈ నేల కూడా కారణం.

డ్యూర్న్‌స్టైన్‌లో నీలం-తెలుపు గోపురం నీటి అంచునే ఉంటుంది. దాని పైన కొండ మీద పాడుబడ్డ కోటలో 1192–93 చలికాలంలో ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్‌ని ఆస్ట్రియా డ్యూక్ ఐదో లియోపోల్డ్ బంధించాడు. సరిగ్గా ఇక్కడే చాలా ఓడల్లో మధ్యాహ్న భోజనం గంట కొడతారు. ఆరోజు భోజనం కాస్త ఆలస్యంగా చేయండి.

ఇంజిన్ లేని పడవ నది దాటుతుందని విన్నాం. నిజమేనా?

నిజం. స్పిట్జ్ దగ్గర, వైస్సెన్‌కిర్షెన్ దగ్గర ఇలాంటి పంట్లు ఉన్నాయి. నదికి అడ్డంగా ఎత్తున ఒక ఉక్కు తాడు కట్టి ఉంటుంది. పంటు దానికి కప్పీతో వేలాడుతుంది. సరంగు పంటుని ప్రవాహానికి ఏటవాలుగా తిప్పితే నీటి తోపుడే అవతలి గట్టుకి చేరుస్తుంది. కార్లు, సైకిళ్లు, మనుషులు అంతా ఎక్కుతారు, చప్పుడుండదు. పెద్ద ఓడ దగ్గరికొస్తే అది గట్టునే ఆగి దారి ఇస్తుంది, కాబట్టి డెక్ మీద నుంచి రెండు మూడు నిమిషాలే కనిపిస్తుంది. తలెత్తి తాడుని వెతకండి, పంటు ఎక్కడుందో తెలిసిపోతుంది.

మెల్క్ మఠం లోపలికి వెళ్లాలా, బయటి నుంచి చాలా?

లోపలికి వెళ్లండి. బెనెడిక్టైన్ సన్యాసులు 1089 నుంచి ఇక్కడ ఉన్నారు, ఇప్పుడున్న పసుపు భవనం 1702లో మొదలైంది, యాకోబ్ ప్రాండ్‌టావర్ కట్టించాడు. గ్రంథాలయంలో తోలు అట్టల పుస్తకాలు నేల నుంచి పైకప్పు దాకా ఉంటాయి, పైన పౌల్ ట్రోగర్ వేసిన చిత్రాలు. లోపల ఫొటోలకు సాధారణంగా ఒప్పుకోరు, అది ఒకందుకు మంచిదే, కళ్లతో చూస్తాం. గ్రంథాలయానికి ముందు బయటి వసారా మీద ఆగి కిందికి చూడండి. మీరొచ్చిన నది, ఊరి ఎర్రటి పెంకులు, ఓడలు అన్నీ అక్కడి నుంచి కనిపిస్తాయి.

వియన్నా దాటాక చూడాల్సింది ఏమీ లేదంటున్నారు, నిజమా?

కాదు. వియన్నా నుంచి స్లొవాకియా సరిహద్దు దాకా 1996లో ఏర్పడిన డోనావ్-ఆవెన్ జాతీయ వనం ఉంది. ఇక్కడ నదికి ఆనకట్ట లేదు, ప్రవాహం తన ఇష్టం వచ్చినట్టు ఇసుక తిన్నెలు వేస్తుంది. నీటి అంచున బీవర్లనే నీటి జంతువులు కొరికిన చెట్ల మొదళ్లు పెన్సిల్ చెక్కినట్టు ఉంటాయి. గట్టున కర్రల మీద నిలబెట్టిన చిన్న గుడిసెలు, వాటి ముందు వేలాడే పెద్ద చదరపు వలలు కనిపిస్తాయి. వలని నీళ్లలోకి దించి, కాసేపాగి, తాడుతో లేపుతారు. ఆ తర్వాత ఎడమవైపు మొరావా నది కలిసేచోట రాతి మీద దెవీన్ కోట. 1989 దాకా ఆ నదే ఇనుప తెర, అంటే కమ్యూనిస్టు తూర్పు ఐరోపాకీ పశ్చిమ ఐరోపాకీ మధ్య సరిహద్దు, దాటబోయి చనిపోయినవాళ్లకి కోట కింద స్మారకం ఉంది.

## నగరాల్లో

వియన్నాలో దిగితే ఊరు కనపడలేదు. డాన్యూబ్ ఊళ్లో లేదా?

1870ల్లో వరదల భయంతో నదికి తిన్నగా కొత్త దారి తవ్వారు, అది పాత ఊరికి ఆనుకుని ఉండదు. పాత ఊరి పక్కన ఉన్నది డాన్యూబ్ కాలువ. ఓడలు ఆగేది రైహ్స్‌బ్రుకె వంతెన దగ్గర. అక్కడి నుంచి నడక దూరంలో ఫోర్‌గార్టెన్‌స్ట్రాసె స్టేషన్, యూ1 మెట్రో ఎక్కితే నాలుగో స్టేషనే స్టెఫాన్స్‌ప్లాట్స్, కెథడ్రల్ ఎదుటే బయటికొస్తారు. బస్సు టూరు తీసుకోకపోయినా ఫర్వాలేదు. ఒక పూట మిగిలితే ఏదైనా పాత కాఫీహౌస్‌లో కూర్చోండి. కాఫీ చిన్న లోహపు పళ్లెంలో, పక్కన గ్లాసుడు నీళ్లతో వస్తుంది. ఎంతసేపు కూర్చున్నా లేవమనరు.

బ్రాటిస్లావాకి మూడు గంటలే ఇచ్చారు. సరిపోతుందా?

సరిపోతుంది. పాత ఊరు రేవు నుంచి నడక దూరమే. సెయింట్ మార్టిన్ కెథడ్రల్ శిఖరం చివర బంగారు కిరీటం ఉంటుంది, 1563 నుంచి 1830 దాకా హంగరీ రాజుల పట్టాభిషేకాలు ఇక్కడే జరిగాయి. మ్యాన్‌హోల్‌లోంచి తొంగిచూసే కంచు మనిషిని చూడటం పిల్లలకు సరదా.

ఎస్టర్‌గోమ్ దగ్గర అందరూ డెక్ మీదికి ఎందుకు వస్తారు?

హంగరీలోకెల్లా పెద్ద చర్చి కుడిగట్టు గుట్ట మీద 100 మీటర్ల ఎత్తున కనిపిస్తుంది. దాని కింద మారియా వాలెరియా వంతెన. 1944లో పేల్చేస్తే 2001 దాకా తిరిగి కట్టలేదు, అన్నేళ్లూ హంగరీకీ స్లొవాకియా గట్టుకీ మధ్య మొండి స్తంభాలే మిగిలాయి. ఇక్కడి నుంచి కొండల్లోకి వెళ్లి, విషెగ్రాద్ దాటాక తూర్పుకి పారే నది ఒక్కసారిగా దక్షిణానికి తిరుగుతుంది.

బుడాపెస్ట్‌లోకి రాత్రి వెళ్తాం. ఎటు చూడాలి?

మార్గరెట్ ద్వీపం దాటి మార్గరెట్ వంతెన కిందికి వచ్చేటప్పుడు ఎడమవైపు నిలబడి ఉండండి. పెస్ట్ వైపు పార్లమెంటు వస్తుంది: 268 మీటర్ల పొడవు, 96 మీటర్ల ఎత్తు, మొత్తం బంగారు కాంతిలో. గోపురం చుట్టూ ఆ వెలుతురులో పక్షులు తెల్లటి చుక్కల్లా తిరుగుతుంటాయి, బైనాక్యులర్ లేకుండా కూడా తెలుస్తుంది. అది దాటగానే కుడివైపు బుడా కోట, ముందు 1849 నాటి గొలుసు వంతెన. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45లో, జర్మన్ సైన్యం ఊరి వంతెనలన్నీ కూల్చేసింది, ఇప్పుడు చూసేవన్నీ ఆ తర్వాత కట్టినవే. చాలామంది ఈ పావుగంటా ఫోన్ తెర మీదే చూస్తారు. రెండు ఫొటోలు తీసి ఫోన్ జేబులో పెట్టేయండి. దీపాలు రాత్రంతా ఉంచరు, కాబట్టి తర్వాత చూద్దాంలే అనుకోకండి.

నది ఒడ్డున ఇనుప బూట్లున్నాయట. పిల్లల్ని తీసుకెళ్లవచ్చా?

కాస్త ఎదిగిన పిల్లలైతే తీసుకెళ్లండి, ముందు కథ చెప్పి. పార్లమెంటు నుంచి దక్షిణంగా కొన్ని వందల మీటర్ల దూరంలో, గట్టు అంచున 60 జతల బూట్లు ఉన్నాయి. 1944–45లో హంగరీ నాజీల యారో క్రాస్ ముఠా యూదులను ఇక్కడికి తెచ్చి, బూట్లు విప్పించి, కాల్చి నదిలో పడేసింది. జాన్ తోగయ్, ద్యూలా పౌయెర్ కలిసి 2005లో ఈ స్మారకం పెట్టారు. మడమ అరిగిన మగవాళ్ల బూట్లు, ఆడవాళ్ల పట్టీల చెప్పులు, మధ్యలో చిన్నపిల్లలవి. ఎవరో ఒకరు పూలు పెట్టి వెళ్తుంటారు. ఆ బూట్లలో కాలు పెట్టి ఫొటో దిగేవాళ్లు కనిపిస్తారు, మనం అలా చేయకూడదు.

## తిరిగొచ్చాక

ఇది నచ్చింది. తర్వాత ఏ నది?

కోటలు నచ్చితే రైన్. బింగెన్, కోబ్లెంజ్ మధ్య 65 కి.మీ. లోయ 2002 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, గంటల వ్యవధిలోనే కోట వెనక కోట వస్తుంది. నది మీదికి నిటారుగా లేచే లొరెలై రాయి కిలోమీటర్ 554 దగ్గర, అక్కడ లెక్క ఎగువనున్న కోన్‌స్టాన్స్ ఊరి నుంచి మొదలవుతుంది. కొండ మెట్ల తోటలు నచ్చితే పోర్చుగల్‌లోని డౌరో. అక్కడ ప్రయాణికుల ఓడలు రాత్రి నడపరు, దారంతా పగలే దాటుతారు. నేనైతే డౌరోకే వెళ్లమంటాను.